సాక్ష్యం చెప్పడం పగ కాదు

పల్లె మీద దాడి జరిగిన మొదటి రోజు పోలీసు జీపు వస్తుంది. రెండో రోజు పేపరోళ్లు వస్తారు. మూడో రోజు నాయకులొస్తారు. నెల తిరక్కముందే రాజీ వస్తుంది. ఆ రాజీ ఒట్టి చేతుల్తో రాదు. చంకలో బైబిలు పెట్టుకుని వస్తుంది.

ఊరి పెద్దమనుషులు తమంతట తాము మన గడప తొక్కరు. మన గడప వాళ్లకెప్పుడూ మైలే. అందుకని పాస్టరుగారిని ముందు నిలబెడతారు. "అయ్యగారూ, మీ మాటంటే వాళ్లకు గురి. నాలుగు మంచి ముక్కలు చెప్పండి. జరిగిందేదో జరిగిపోయింది. ఊరన్నాక ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని బతకాలి గదా" అంటారు. ఆ ఆదివారం ప్రసంగం క్షమాపణ మీద నడుస్తుంది. పై ఆదివారం, సాటి మనిషికి తీర్పు చెప్పడానికి మనమెవరం అనే దాని మీద నడుస్తుంది. మూడో వారానికి తెల్లకాగితం మీద వేలిముద్రలు పడతాయి. తర్వాతెప్పుడో కోర్టులో సాక్షి బోనెక్కి "చీకట్లో ఎవరు కొట్టారో నాకు తెలవదయ్యా" అంటాడు. ముద్దాయిలు మీసం దువ్వుకుంటూ ఇంటికి పోతారు. ప్రార్థన మందిరానికి పది సిమెంటు రేకులొస్తాయి.

ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు. పల్లెల్లో తిరిగే ప్రతి కార్యకర్తా చూస్తున్నదే. చూస్తున్నా దీన్ని గురించి మనం రాయం, మీటింగుల్లో గట్టిగా మాట్లాడం. మనవాళ్ల విశ్వాసం నొచ్చుకుంటుందేమోనని జంకు. ఆ జంకు ఇక చాలు. మనవాళ్ల విశ్వాసాన్ని కించపరిచేది దీని గురించి మాట్లాడేవాళ్లు కాదు. ఆ విశ్వాసాన్ని రాజీ కాగితానికి బంకలాగా వాడుకునేవాళ్లు.

దేవుడున్నాడా లేడా అనే వాదం జోలికి నేను పోవడంలేదు. ఈ పత్రిక చదివేవాళ్లలో ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లున్నారు. అంబేడ్కర్ బాటలో బౌద్ధం తీసుకున్నవాళ్లున్నారు. ఏ దేవుడూ వద్దనేవాళ్లూ ఉన్నారు. నేను అడిగేది ఒకటే. క్షమించమనీ, తీర్పు చెప్పొద్దనీ ఏ పుస్తకం పేరుతో మన నోరు మూయిస్తున్నారో, ఆ పుస్తకం నిజంగా ఏం చెప్తోంది? ఎవరితో చెప్తోంది?

మన తాతలు ఎందుకు పోయారు?

ముందు ఒక సంగతి గుర్తు చేసుకుందాం. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు ముందు రెండేళ్లు ధాత కరువు. అన్నానికి పోయారని ఆ రోజు నుంచీ ఈ రోజు దాకా ఊళ్లోవాళ్లు ఎగతాళి చేస్తూనే ఉన్నారు. కానీ కరువుకు చాలా ముందే, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తానే వెతుక్కుంటూ పోయి ఆ మతం తీసుకున్నాడు, తనవాళ్లను కదిలించాడు. మతం మారినవాళ్లు ఏం చేశారు? ఆదివారం పనికి రామన్నారు. చచ్చిన గొడ్డు తినమన్నారు. ఊరి కొలుపుల్లో డప్పు కొట్టమన్నారు. ఊళ్లు కక్ష గట్టింది అందుకే. మన తాతలు దేవుడి దగ్గరకు పోయింది ఇంకాస్త వంగడానికి కాదు. వంగిన నడుం ఎత్తడానికి.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు చూడండి. మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగొద్దని అడ్డు చెప్పిన కుర్రాణ్ణి కొడుతుంటే, నీళ్లకొచ్చిన మన తల్లి ఒకామె చేతిలో బిందె పైకెత్తింది. ఆ తల్లి పేరు సువార్త. ఆ బిందె ఎత్తినందుకు తెల్లారి, 1985 జులై 17న, ఊరు మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్లను చెరిచారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తితే అక్కడ తలదాచుకోను చోటిచ్చింది చర్చి ఆవరణే. ఆ శిబిరంలోంచే పోరాటం లేచింది. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. అందరు పాస్టర్లూ, అన్ని చర్చీలూ ఒకటేనని నేననను. గేటు తీసి నిలబడిన చర్చీ మనకు తెలుసు. గేటు దగ్గర రాజీ కాగితం పట్టుకుని నిలబడిన చర్చీ తెలుసు. ఈ రెంటిలో ఏది ఆ పుస్తకానికి దగ్గరగా ఉందన్నదే ప్రశ్న.

"పడితే" అనే మాట ఎటు పోయింది?

క్షమాపణ గురించి లూకా సువార్త 17వ అధ్యాయంలో ఉన్నది నిదానంగా చదవండి. తప్పు చేసినవాణ్ణి ముందు గద్దించమంది. వాడు పశ్చాత్తాప పడితే క్షమించమంది. వరసలో గద్దింపు ముందుంది, పశ్చాత్తాపం మధ్యలో ఉంది, క్షమాపణ చివర ఉంది. మన మందిరాల్లో వినపడే ప్రసంగంలో మొదటిది ఉండదు, మధ్యది ఉండదు. "పడితే" అనే ఆ ఒక్క ముక్క ఎగిరిపోతుంది. ఒట్టి క్షమాపణ మాత్రం మిగుల్తుంది.

మత్తయి 18వ అధ్యాయం ఇంకా వివరంగా చెప్తుంది. తప్పు చేసినవాడి దగ్గరకు నువ్వే పోయి వాడి తప్పు వాడికి చెప్పు. వినకపోతే ఒకరిద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని పో. అప్పటికీ వినకపోతే సంఘం మొత్తానికి చెప్పు. సంఘం మాట కూడా లెక్కచేయకపోతే వాణ్ణి బయటివాడిగా ఎంచు. ఇది రాజీ పద్ధతా, విచారణ పద్ధతా? ఫిర్యాదు ఉంది, సాక్షులున్నారు, బహిరంగంగా నిలదీయడం ఉంది, చివరికి వెలి ఉంది. సాక్షుల్ని వెనక్కి లాగమని ఎక్కడా లేదు.

అదే అధ్యాయంలో ఒక కథ ఉంది. రాజుకు లెక్క కట్టలేనంత అప్పు పడ్డ ఒక దాసుడు కాళ్లమీద పడితే రాజు ఆ అప్పంతా వదిలేశాడు. వాడు బయటికొచ్చి, తనకు చిన్న బాకీ ఉన్న తోటి దాసుడి పీక పట్టుకుని జైల్లో వేయించాడు. రాజుకు కోపం వచ్చింది ఎవరిమీద? పీక పట్టినవాడి మీద. మరి ఈ కథ ఎవరికి వినిపించాలి? ప్రాంసరీ నోటు దగ్గర పెట్టుకుని, కోతలప్పుడు కూలి మిగిల్చుకుని, ఎదురు మాట్లాడితే పీక పట్టేవాడికి వినిపించాలి. పీక నొప్పెడుతున్నవాడికి కాదు.

జక్కయ్య కథ సండే స్కూలు పిల్లలందరికీ వచ్చు. పొట్టివాడనీ, మేడిచెట్టెక్కాడనీ పాటలు కూడా పాడిస్తాం. ఆ సుంకరి ఏమన్నాడో మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పం. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా లాక్కున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అంటే ఆ ఇంట్లోకి క్షమాపణ వచ్చిన రోజే పంపకం కూడా జరిగింది. మన ఊళ్లలో క్షమాపణ వచ్చిన రోజు ఏ అసైన్డు భూమి వెనక్కి వచ్చింది? ఏ శ్మశానం దారి తెరుచుకుంది?

మత్తయి 5వ అధ్యాయంలో ఇంకొకటుంది. బలిపీఠం దగ్గరకు కానుక తెచ్చినవాడికి, ఫలానా సోదరుడికి తన మీద ఏదో ఫిర్యాదుందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలి ముందు పోయి వాడితో సమాధానపడి రావాలట. రేకులు తెచ్చిచ్చిన కామందుకు ఈ వాక్యం చదివి, "ముందు పల్లెలోకి పోయి రండి, రేకుల సంగతి తర్వాత" అని చెప్పిన అయ్యగారు ఎంతమంది?

ఇక్కడ ఒక మాటకు జవాబు చెప్పాలి. "సిలువ మీద ఆయన ఏ షరతూ లేకుండా చంపేవాళ్ల కోసం ప్రార్థించాడు గదా" అని అడుగుతారు. నిజమే, ప్రార్థించాడు. కానీ ఆ ప్రార్థన ఆయనంతట ఆయన చేసింది. ఎవరూ పక్కన నిలబడి సంతకం పెట్టించుకోలేదు. అక్కడ తప్పేమీ జరగలేదని ఆయన అనలేదు. తప్పు జరిగింది కాబట్టే క్షమాపణ అడిగాడు. రెండో చెంప చూపమన్నది కూడా ఆయనేనంటారు. యోహాను 18వ అధ్యాయం తీయండి. ప్రధాన యాజకుడి ఇంట్లో ఒక బంట్రోతు చెంప మీద కొడితే ఆయన ఊరుకోలేదు. నా మాటలో తప్పుంటే చూపించు, లేకపోతే నన్నెందుకు కొట్టావని అడిగాడు. చెంప దెబ్బకు కారణం చెప్పమని నిలదీయడం కూడా ఆయన నేర్పిందే. ఈ ముక్క మన పల్లెల్లో ఎందుకు వినపడదు?

తీర్పు వేరు, సాక్ష్యం వేరు

క్షమాపణ కంటే ఎక్కువ నష్టం చేస్తున్నది రెండో మాట. "మనం ఎవరికీ తీర్పు చెప్పకూడదు." మత్తయి 7వ అధ్యాయంలో ఆ మాట ఉంది. దాని వెంటనే ఇంకో మాట కూడా ఉంది. నీ కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు వెతకొద్దు, ముందు దూలం తీసెయ్, అప్పుడు నలుసు తీయడానికి కళ్లు బాగా కనపడతాయని. అంటే నలుసు అసలు తీయొద్దని కాదు. కళ్లు సరిచేసుకుని తీయమని. యోహాను 7వ అధ్యాయంలోనైతే పైపై చూపుతో కాక న్యాయంగా తీర్పు చేయమనే ఉంది.

ఇదంతా తీర్పు సంగతి. అసలు సాక్షి చేసే పని తీర్పే కాదు. ఫలానావాడు నరకానికి పోవాలని సాక్షి అనడు. వాడి మనసులో ఏముందో చెప్పడు. ఫలానా రోజు, ఫలానా చోట, ఫలానావాడు గొడ్డలి ఎత్తడం నా కళ్లారా చూశాను అంటాడు. అంతే. నేరమా కాదా, శిక్ష ఎంత అనేది కోర్టు పని. చూసింది చెప్పడం తీర్పయితే, చూసిన మేరకు సువార్తలు రాసినవాళ్లందరూ తీర్పరులేనా? ఆ పుస్తకంలో సాక్షి అనే మాటకున్నంత విలువ ఇంకే మాటకుంది?

ఇంకా ముందుకు పోదాం. పది ఆజ్ఞల్లో ఒకటి అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని. చూసినవాడి చేత చూళ్లేదని చెప్పించడం ఏమిటి? కోర్టు భాషలో దాన్ని సాక్షి ఎదురు తిరగడమంటారు. పది ఆజ్ఞల భాషలో అది అబద్ధ సాక్ష్యం. క్షమాపణ పేరు చెప్పి సాక్షిని వెనక్కి లాగే పాస్టరు, ఒక బోధను నిలబెట్టడానికి ఒక ఆజ్ఞను విరగ్గొట్టిస్తున్నాడు. అది కూడా తన మందలో అందరికంటే బీదవాడి చేత, దేవుడి మీద ప్రమాణం చేయించి. ఈ పాపం ఎవరి ఖాతాలో పడుతుందో ఆ అయ్యగార్లే ఆలోచించుకోవాలి.

బడిలో రోజూ చూసే సంగతి చెప్తాను. ఒక పెద్ద పిల్లోడు చిన్నోడి పలక లాక్కున్నాడనుకోండి. పలక పెద్దోడి చేతిలో ఉండగానే నేను చిన్నోణ్ణి పిలిచి "పోనీలేరా, క్షమించు, ఇద్దరూ చేతులు కలపండి" అన్నాననుకోండి. పెద్దోడు ఏం నేర్చుకుంటాడు? లాక్కుంటే దక్కుతుందని. చిన్నోడు ఏం నేర్చుకుంటాడు? మాష్టరు కూడా వాడి పక్షమేనని. చూస్తున్న మిగతా నలభైమంది? రేపు తమ పలకలు దాచుకోవడం. పలక వెనక్కి ఇప్పించాక, చేసింది తప్పని వాడి నోటితో అనిపించాక, చేతులు కలపమంటే దానికొక అర్థం ఉంది. ఒకటో తరగతి పిల్లలకు తెలిసిన ఈ వరస రచ్చబండ మీద పెద్దమనుషులకు తెలవదా?

కేసు వదలకపోవడం పగ అంటారు. లూకా 18వ అధ్యాయంలో ఒక విధవరాలుంది. దేవుడికి భయపడని, మనిషిని లెక్కచేయని న్యాయాధిపతి చుట్టూ ఆమె తిరిగి తిరిగి, వాడు విసిగిపోయి న్యాయం చేసేదాకా వదల్లేదు. ఆమెను పగబట్టిందని ఆ పుస్తకం అనలేదు. విసుగు లేకుండా ప్రార్థించడానికి ఆమెనే ఉదాహరణగా చూపించింది. కోర్టు వాయిదాలకు చెప్పులరిగేలా తిరిగే మన తల్లులు ఆ విధవరాలి అక్కచెల్లెళ్లే. ఫిలిప్పీ పట్నంలో పౌలునూ సీలనూ విచారణ లేకుండా బహిరంగంగా కొట్టి జైల్లో వేసి, తెల్లారి గుట్టుచప్పుడు కాకుండా పొమ్మన్నారు. పౌలు పోలేదు. అందరి ముందూ కొట్టి చాటుగా పంపిస్తారా, ఆ అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలన్నాడు. వాళ్లొచ్చి బతిమాలుకున్నారు. తనకున్న పౌర హక్కును పౌలు వాడుకున్నాడు. రాజ్యాంగం మనకిచ్చిన హక్కు వాడుకుంటే మనకు మాత్రం విశ్వాసం తక్కువైనట్టా?

ఊళ్లో ఒక మాట, కోర్టులో ఒక మాట

ఇప్పుడు అసలు కుట్ర చూడండి. కొట్టేటప్పుడు వాడు మనల్ని మాలోడా, మాదిగోడా అనే కొడతాడు. క్రైస్తవుడా అని కొట్టడు. కొట్టాక ఊళ్లో రాజీకి కూచున్నప్పుడు "మీరు క్రైస్తవులు, మీ దేవుడు క్షమించమన్నాడు" అంటాడు. కేసు కోర్టుకెక్కాక అదే ముద్దాయి వకీలు లేచి "ఆదివారం చర్చికి పోతావా? బాప్తిస్మం తీసుకున్నావా? అయితే నువ్వు ఎస్సీవి కావు, ఈ చట్టం నీకు వర్తించదు" అంటాడు. ఊళ్లో క్రైస్తవుడివి కాబట్టి కేసు వదులుకో. కోర్టులో క్రైస్తవుడివి కాబట్టి కేసే లేదు. ఒకే విశ్వాసాన్ని రెండు చోట్లా మన మీదికే తిప్పారు.

దీనికి వేరు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. షెడ్యూల్డు కులాలంటే హిందువులేనని అందులో రాశారు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్నీ ముస్లింలనూ బయటే ఉంచారు. మతం మారితే కులం పోతుందని కాగితం అంటుంది. ఊరు అనదు. ఆ ఉత్తర్వు పట్టుకునే 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, మతం మారినవాడికి ఈ చట్టం వర్తించదని కొట్టేసింది. క్షమాపణ మీద ప్రసంగాలు చెప్పే అయ్యగార్లు ఈ తీర్పును ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. రేపు దెబ్బ వాళ్లకే తగిలితే పక్కన ఎవరుంటారో ఆలోచించుకోవాలి.

క్షమించినవాళ్లు ఏం చేశారు?

"ఒరిస్సాలో ఆ తల్లి క్షమించలేదా" అని గ్లాడిస్ స్టెయిన్స్‌ను చూపిస్తారు. చూద్దాం. 1999 జనవరి 23 తెల్లవారుజామున మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకుల్నీ జీపులో ఉండగా తగలబెట్టారు. ఆమె క్షమించానంది. కుష్ఠు రోగుల సేవ మానలేదు. ఆ క్షమకు చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ కేసు ఆగిందా? సి.బి.ఐ. దర్యాప్తు జరిగింది. 2003లో కింది కోర్టు ముఖ్య ముద్దాయికి మరణశిక్ష వేసింది. 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్ని ఖాయం చేసింది. ఆమె మనసు ఆమె మనసు పని చేసింది, చట్టం చట్టం పని చేసింది. ఒకదానికొకటి అడ్డం రాలేదు. ఆమె క్షమను మనకు చూపించేవాళ్లు ఆ రెండో సగం కూడా చూపించాలి.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలన పోయాక, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ పెట్టారు. ప్రపంచమంతా దాన్ని క్షమాపణకు ఉదాహరణగా చెప్పుకుంటుంది. అక్కడ కూడా ఊరికే క్షమించలేదు. చేసిందంతా దాచకుండా బహిరంగంగా ఒప్పుకుంటేనే క్షమాభిక్ష. 7,112 మంది దరఖాస్తు పెట్టుకుంటే 849 మందికే ఇచ్చారు. పేరులోనే సత్యం ముందుంది, సయోధ్య వెనకుంది. ఒప్పుకున్నవాళ్లకు కూడా శిక్ష పడకపోవడం అన్యాయమని అక్కడి బాధితుల్లో చాలామంది బాధపడ్డారు. మన ఊళ్లలో ఒప్పుకోవడం కూడా లేదు. "ఏదో కుర్రాళ్లు, ఆవేశంలో జరిగింది" అనే మాటే మన కమిషను రిపోర్టు.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేశారు. ఆ కేసులో మనవాళ్లు రాజీపడలేదు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. "మరి ఏం లాభమొచ్చింది?" అని అడిగేవాళ్లున్నారు. హత్య జరిగిన ఊళ్లోనే, పదహారేళ్ల తర్వాత కూడా, చంపినవాళ్ల మొహం చూస్తూ వేలు చూపించిన కూలి మనుషులు ఈ దేశంలో ఎంతమంది? హైకోర్టు వదిలేసినంత మాత్రాన వాళ్లు చూసింది చూడనట్టు అయిపోదు. ఆ సాక్ష్యం మన పిల్లల ఆస్తి.

క్షమాపణ కావలసిన చోట్లు

క్షమాపణ అనే మాటే మనకు వద్దని నేననడం లేదు. అది మనకు చాలా కావాలి. ఎక్కడ కావాలో అక్కడ లేదు, అంతే.

కేసులో వెనక్కి తగ్గిన సాక్షి ఉన్నాడు. వాడికి కౌలు చేను ఆ కామందుదే. కూతురి పెళ్లికి చేబదులు ఆ కామందు దగ్గరే. పైగా వాడి మీద దొంగతనం కౌంటర్ కేసు పెట్టారు. వాడు విరిగిపోయాడు. వాణ్ణి మనం "అమ్ముడుపోయినోడు" అని వెలివేస్తాం, వాడింటి నీళ్లు ముట్టం. తీర్పు చెప్పొద్దనే మాట నిజంగా పనికొచ్చే చోటు ఇది. వాడికి కౌలు లేకుండా బతికే దారి మనం చూపించామా? అప్పు తీర్చడానికి సంఘం తరఫున పది రూపాయలు పోగుచేశామా? చేయనివాళ్లకు వాణ్ణి తిట్టే హక్కు లేదు.

మాలలూ మాదిగలూ ఉన్నాం. చాలా ఊళ్లలో ఒకే దేవుడికి రెండు మందిరాలు, రెండు శ్మశానాలు. వర్గీకరణ మీద 1994 నుంచి నడిచిన పోరాటం, రాష్ట్రాలు వర్గీకరించవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పడంతో ఒక దరికి వచ్చింది. ఈ ముప్ఫై ఏళ్లలో అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు అనుకున్న మాటలకు లెక్కలేదు. ఇక్కడ కూడా వరస అదే. ఎవరి వాటా వాళ్లకు అందాలి. అందాక క్షమించుకోవాలి. దూలం, నలుసు కథ ఊరివాళ్లకు వినిపించే ముందు మనమూ వినాలి.

ఇంట్లో తాగొచ్చి కొట్టే మొగుణ్ణి క్షమించమని ఆడకూతురికి చెప్పేది కూడా ఇదే ప్రసంగం. ఊళ్లో రాజీని తిట్టే మనం ఇంటి రాజీకి పెద్దమనుషులుగా కూచుంటున్నాం. కామందు విషయంలో తప్పయింది మొగుడి విషయంలో ఒప్పెట్లా అవుతుంది? ఆమెకూ 2005లో వచ్చిన గృహహింస చట్టం ఉంది. ఆమె చెప్పేదీ సాక్ష్యమే.

ఇప్పుడు చేయాల్సింది

మాటలతో సరిపెట్టకుండా పల్లెపల్లెనా ఈ నాలుగు సంగతులు చెప్పండి.

ఒకటి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని కింద నేరాలు ఇరుపక్షాలూ కూచుని రాజీ చేసుకోగల నేరాల జాబితాలో లేవు. ఎక్కడైనా కేసు కొట్టేయాలంటే పై కోర్టులకు ఆ అధికారం ఉందేమో గానీ, రచ్చబండకు లేదు, మందిరానికి లేదు. కేసు నడిపేది ప్రభుత్వం. కాబట్టి "నువ్వు వదిలేస్తే అయిపోతుంది" అనే మాట అబద్ధం. ఏ తెల్లకాగితం మీదా వేలిముద్ర వేయొద్దు.

రెండు. దర్యాప్తు డి.ఎస్.పి. స్థాయి అధికారి చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. 2016 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో 15-ఎ సెక్షను కింద బాధితులకూ సాక్షులకూ రక్షణ, ప్రయాణ ఖర్చులు హక్కు. అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. రాజీ వచ్చేది భయం ఉన్నచోటికే. భయం తగ్గితే రాజీ దానంతటదే తగ్గుతుంది.

మూడు. నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా పరిహారం నిబంధనల్లో ఉంది. అది దశలవారీగా వస్తుంది. అది ప్రభుత్వం బాకీ. కామందు ఇచ్చే డబ్బులకూ దానికీ సంబంధం లేదు. ఇక అట్రాసిటీ చట్టం వర్తించదని ఎవరైనా అడ్డం పెట్టినా, కొట్టడం, చంపడం, చెరచడం మామూలు చట్టం కింద కూడా నేరాలే. కేసే లేదనుకుని ఇంటికి రావొద్దు.

నాలుగు. మన సంఘాల్లో వాక్యం చదవగలిగిన పిల్లలున్నారు, ఇంటర్లూ డిగ్రీలూ చదివిన ఆడపిల్లలున్నారు. ఆదివారం ప్రసంగం అయ్యాక లేచి, మర్యాదగా, "అయ్యగారూ, లూకా 17 మొత్తం చదవండి. జక్కయ్య నాలుగింతల సంగతి కూడా చెప్పండి" అని అడగమనండి. అడగడం అవిశ్వాసం కాదు. దాడి జరిగిన వారం ఆ పాస్టరుగారు బాధితుడి పక్కన స్టేషనుకు నడిస్తే, ఆ నడక వంద ప్రసంగాల పెట్టు. అట్లా నడిచినవాళ్లను మనం నెత్తిన పెట్టుకోవాలి.

అన్నలారా, అక్కలారా! క్షమించడం, క్షమించకపోవడం దెబ్బ తిన్న మనిషి సొంత విషయం. తీర్పు వచ్చిన తర్వాత ఆ తల్లి క్షమిస్తానంటే ఆమె కాళ్లకు మొక్కుదాం. క్షమించలేనంటే ఆమె పక్కనే కూచుందాం. ఆమె తరఫున క్షమించే హక్కు పాస్టరుకు లేదు, ప్రెసిడెంటుకు లేదు, మన ఉద్యమ నాయకుడికీ లేదు. కానీ చూసింది చెప్పడం మాత్రం చూసిన ప్రతివాడి బాధ్యత. నేరం చేసినవాణ్ణి ద్వేషించకుండా కూడా బోనెక్కవచ్చు. వాడి ఆత్మ కోసం ప్రార్థించి మరీ ఎక్కవచ్చు. ఎక్కడం మాత్రం మానొద్దు.

జై భీమ్!

— ఒక పల్లె బడిపంతులు